మా నాయనమ్మ రాసిన ఒక వారం సీరియల్

మా ఇంట్లో ఒక బైండు పుస్తకం ఉంది. అట్ట మీద పేరేమీ ఉండదు, నల్ల అట్ట, వీపున ఎర్ర గుడ్డ. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీల్ని వారం వారం జాగ్రత్తగా చింపి దాచి, అయిపోయాక చీరాల తీసుకెళ్ళి కుట్టించిన పుస్తకం అన్నమాట. నలభై దాటినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, అప్పట్లో ఏ ఇంట్లో చూసినా ఇలాంటివి నాలుగైదు కనబడేవి. పేజీ వెనక్కి తిప్పితే సగం జోకు, వంకాయ కూర మొదలెట్టి పోపు దగ్గర ఆగిపోయిన వంటల శీర్షిక, మేషం నుంచి తుల దాకా ఉండి ఆ తర్వాత లేని వారఫలాలు. మా నాయనమ్మది వృశ్చికం. "నా భవిష్యత్తు అవతలి పేజీలో పోయిందిరా" అనేది.

ఆ పుస్తకం మధ్యలో ఎనిమిది పేజీలు అచ్చు కాదు. రూళ్ళ నోట్‌బుక్కు కాయితాలు, నీలం సిరా, గుండ్రటి దస్తూరి. వాటి సంగతి చెప్దామనే ఇది మొదలెట్టా, కానీ ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకుండా ఆ పేజీల గురించి చెప్తే సగమే అర్థమవుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నాయనమ్మ 1930లో పేరాలలో పుట్టింది. చీరాల-పేరాల అంటే మనకి బళ్ళో ఒక మార్కు ప్రశ్న. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరే ఖాళీ చేసేసి, బయట పాకలేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలల పాటు అక్కడే ఉన్నారు గదా, ఆ పాకల్లో నాయనమ్మ వాళ్ళమ్మ కూడా ఉంది, అప్పటికి కొత్త పెళ్ళికూతురు. అందుకని ఎవరన్నా నాయనమ్మని "కాస్త నోరు తగ్గించుకోరాదూ" అంటే చాలు, "పన్ను ఎక్కువేశారని మా అమ్మ ఊరే వదిలేసి పోయింది, నేను నోరన్నా వాడుకోకూడదా" అని వచ్చేది సమాధానం.

పెళ్ళి గురించి అడిగినా అంతే. ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ తేదీ దాటకుండా ముహూర్తాలు పెట్టేసుకోవాలని జనం తెగ హడావిడి పడ్డారంట, ఆ హడావిడిలో నాయనమ్మ వాళ్ళక్కకి ఆరేళ్ళకే పెళ్ళయిపోయింది. నాయనమ్మకి మాత్రం 1944లో, సరిగ్గా పద్నాలుగు నిండాక. "అక్క పెళ్ళి చట్టానికి అందకుండా చేశారు, నా పెళ్ళి చట్టాన్ని అడిగి చేశారు, మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలా" అనేది. ఇది చెప్పేటప్పుడు నవ్వేది కాదు, మేమే నవ్వేవాళ్ళం.

అత్తారిల్లు వేటపాలెం. అది ఆవిడ అదృష్టం అనే అనుకుంటా, ఎందుకంటే ఆ ఊళ్ళో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. "ఆయన రాయి వేసిపోయాడు, మరుసటేడు నేను పుట్టా, నాకోసమే వేశాడు" అనేది ఏమాత్రం మొహమాటం లేకుండా. ఆవిడ బళ్ళో చదివింది ఐదో తరగతి. పుస్తకాలు తెచ్చిపెట్టే పని తాతయ్యది. తాతయ్య ఒక మాస్టర్ వీవర్ దగ్గర లెక్కలు రాసే గుమాస్తా, మనిషి మెతక, కోపమొస్తే మాత్రం ముందూవెనకా చూడడు. సాయంత్రం పని నుంచి వస్తూ లైబ్రరీ మీదుగా రావాలి, చీటీలో రాసిన పుస్తకం తేవాలి. తేకపోతే ఆ రాత్రి వంటలో ఆవిడ ఏదో ఒకటి మర్చిపోయేది, ఉప్పో, చింతపండో, ఒకసారైతే అన్నమే.

ఆడవాళ్ళు చదవకూడదని పేరుపడ్డ ఒక రచయిత ఉన్నాడు, ఎవరో మీకు తెలుసు. ఆయన పుస్తకం కావాలని చీటీ రాసిస్తే తాతయ్య మూడు రోజులు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడంట, అడగడానికి మొహం చెల్లక. నాలుగో రోజు ఈవిడే వెళ్ళి తెచ్చుకుంది. చదివేసి "ఇందులో మగాళ్ళు భయపడాల్సింది ఉంది గానీ ఆడవాళ్ళు చెడిపోయేదేముంది" అని తిరిగిచ్చేసింది.

మధ్యాహ్నాలు మా వసారా చూడాలి. మా వీధంతా గుంట మగ్గాలే, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు, పొద్దున్నుంచి చీకటిపడేదాకా నాడె అటూ ఇటూ కొట్టుకునే టకటక. మగవాళ్ళు మగ్గం మీద ఉంటే ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, కండెలు అందకపోతే మగ్గం ఆగుతుంది, కాబట్టి అదేదో తీరిక పని అనుకోకండి. నలుగురైదుగురు రాట్నాలు మోసుకుని మా వసారాలోకి వచ్చేవాళ్ళు, నాయనమ్మ చదువుతుందని. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి నూలు జారనిస్తూ వినేవాళ్ళు. కథ మంచి పట్టులో ఉంటే రాట్నాలన్నీ వాటంతటవే నెమ్మదించేవి. ఎవరికన్నా పోగు తెగితే "ఆగాగు" అని అరిచేవాళ్ళు, తెగిన కొసలు రెండూ వేళ్ళతో మెలేసి మళ్ళీ రాట్నం తిప్పేదాకా నాయనమ్మ ఆ లైను మీద వేలు పెట్టుకుని ఆగేది.

ఆవిడ చదవడమంటే ఉన్నది ఉన్నట్టు చదవడం కాదు. "ఆమె కళ్ళ నుంచి అశ్రువులు జలజలా రాలాయి" అని చదివి, గొంతు ఏమాత్రం మార్చకుండా "పోయిన వారం కూడా రాలాయి, ఈ పిల్ల ఇన్ని నీళ్ళు ఎక్కడ తాగుతుందో" అని కలిపేసేది. "అతడు మౌనంగా కిటికీ వైపు నడిచాడు" తర్వాత "కిటికీ లేని ఇల్లయితే ఈ మగాళ్ళు ఏం చేసేవాళ్ళో". ఏది అచ్చులో ఉందో ఏది ఈవిడ అంటుందో వినేవాళ్ళకి తెలిసేది కాదు. మా పక్కింటావిడ ఒకావిడ పాపం ప్రతి రెండు నిమిషాలకీ "అది బుక్కులో ఉందా అక్కా, నువ్వంటున్నావా" అని అడిగేది. నాయనమ్మ "ఉండాల్సింది" అనేది.

కాయితం కనబడితే వదిలేది కాదు. పకోడీ పొట్లం విప్పితే పకోడీలు మాకు, పొట్లం ఆవిడకి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒకసారి పొట్లం కాయితంలో ఏదో కథ సగం దాకా ఉంది, ఒకతను బావి దగ్గరికి వెళ్ళి తొంగి చూశాడు, అక్కడికి కాయితం అయిపోయింది. నన్ను ఆ నూనె కాయితంతో సహా కొట్టుకి పంపింది, దీని మిగతా సగం ఉందేమో అడుగు అని. కొట్టతను నన్నూ ఆ కాయితాన్నీ చూసి ఏమనుకున్నాడో, కట్టలో వెతికాడు, దొరకలేదు, ఊరికే ఎందుకులే అని ఇంకో నాలుగు కాయితాలు ఇచ్చి పంపాడు. అందులో ఒకటి ఎవరి లెక్కల నోట్సో. దాన్ని కూడా చదివింది. "మూడో లెక్క తప్పు చేశాడురా వెధవ."

పెళ్ళిచూపులకి ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టాలంటే మావాళ్ళకి భయంగా ఉండేది. మా చిన్నాన్న కూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ "అమ్మాయికి వంటొచ్చా" అని అడిగింది, మామూలుగా అందరూ అడిగేదే. నాయనమ్మ ఎంతో జాలిగా మొహం పెట్టి "వచ్చమ్మా, ఏం, మీ ఇంట్లో ఎవరికీ రాదా పాపం" అంది. ఆ సంబంధం కుదర్లేదు. పిన్ని వారం రోజులు మాట్లాడలేదు ఆవిడతో. మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుకుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవతలైపోతారు, మా నాయనమ్మ కాదు. ఆవిడ మాటలకి ఇల్లంతా పగలబడి నవ్వేవాళ్ళం, ఆ మాట ఎవరి మీద పడిందో వాళ్ళు తప్ప. ఎక్కువగా పడింది మా అమ్మ మీద. అమ్మ ఆ రోజుల్లోనే బీయే చేసింది, గుంటూరులో. పెళ్ళయి వచ్చి మూడేళ్ళు వంటింట్లోనే ఉంది. ఒకరోజు నలుగురూ ఉండగా అమ్మ చేట ముందేసుకుని కూర్చుంటే నాయనమ్మ "మేం ఐదో క్లాసు చదివి బియ్యం ఏరాం, మా కోడలు బీయే చదివి బియ్యమే ఏరుతోంది, ఎంత తేడా" అంది. అమ్మ చేట అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది అమ్మ ఎప్పుడూ చెప్పదు, నాన్న చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత చేటలో బియ్యం మధ్య పేపర్ కటింగ్ ఒకటి ఉందంట మడతపెట్టి, బీఈడీ ప్రవేశాల ప్రకటన. దాని పక్కన అంచు మీద పెన్సిల్‌తో "పిల్లాణ్ణి నేను చూస్తా" అని. ఆ పిల్లాణ్ణి నేనే. అమ్మ బీఈడీ చేసింది, ముప్ఫై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. అయినా సరే, నాయనమ్మ పేరెత్తితే బియ్యం ముక్కే చెప్తుంది, చేటలో కాయితం ముక్క చెప్పదు. సారీ చెప్పలేదుగా ఆవిడ, అంటుంది. నిజమే, చెప్పలేదు. సారీ అన్న మాట ఆవిడ నోట మేమెవరం వినలేదు, అది ఆవిడలో పెద్ద లోటే, నేను వెనకేసుకు రాను.

ఆస్తి గొడవ ఒకటి ఉంది, అది కూడా చెప్పేస్తా. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉన్నప్పుడు మన రాష్ట్రంలో ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా అని చట్టం తెచ్చారు, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేట్టు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి వర్తించదు. మా అత్తయ్య పెళ్ళి 1974లోనే అయిపోయింది. తాతయ్య పోయి అప్పటికి రెండేళ్ళు, సముద్రం వైపు ఎకరం సరుగుడు తోట పంచుకోవాలి. నాయనమ్మ పేపరు చదివి కొడుకులు ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. బ్యాంకులో చేసే మా చిన్నాన్న "అక్కకి రాదమ్మా, చట్టం ప్రకారం పెళ్ళి ముందే అయిపోయింది గదా" అని నచ్చజెప్పబోయాడు. "చట్టం 85లో పుట్టింది, మీ అక్కని నేను 53లో కన్నా, ఎవరు పెద్ద?" అంది. తోట నాలుగు వాటాలు అయింది. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్ళయిన కూతుళ్ళకి కూడా ఇచ్చినప్పుడు ఆవిడకి డెబ్భై ఐదు, శుక్లాలు తీయించుకున్న కళ్ళతో పేపరు దగ్గరగా పెట్టుకుని చదివి, "ఢిల్లీ వాళ్ళకి నా మాట వినబడటానికి ఇరవై ఏళ్ళు పట్టింది" అంది.

ఇప్పుడు ఆ ఎనిమిది పేజీలు.

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన అంటారు గానీ ఆ గాలి బాపట్ల, చీరాల వైపు కూడా గట్టిగానే కొట్టింది. నాకప్పుడు రెండేళ్ళు, అన్నీ విన్నవే. దివిసీమలో వేల మంది పోయారు. మా దగ్గర తోటలు పడిపోయాయి, పైకప్పులు లేచిపోయాయి, గుంట మగ్గాల్లో నీళ్ళు నిండి పడుగులన్నీ బురదలో నానిపోయాయి, వీధి వీధంతా టకటక అన్నది వినబడక అదే భయంగా ఉండేదంట. మా ఇల్లు నిలబడింది కాబట్టి పది రోజులు వీధిలో వాళ్ళకి అక్కడే వంట. ఆ గందరగోళంలో రైళ్ళు ఆగి, కట్టలు రాక, ఆ వారం పత్రిక మా ఊరికి చేరలేదు. అంతకు ముందు వారం సీరియల్ ఎక్కడ ఆగిందంటే, ఆ పెద్ద బంగళాలో హీరో "ఈ క్షణమే నా ఇంట్లోంచి వెళ్ళిపో" అని హీరోయిన్‌ని అరిచాడు, సశేషం. (ఏ సీరియలో చెప్పను, రాసినావిడకి ఇంకా అభిమానులున్నారు.) రెండు వారాల తర్వాత పత్రిక వచ్చేసరికి మొదటి వాక్యమే "స్పృహ వచ్చేసరికి ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది".

నాయనమ్మ ఊరుకోదు గదా. ఎవరి దగ్గరన్నా పోయినవారం పత్రిక ఉందా అని వాకబు మొదలెడితే తాతయ్య "ఊరంతా మునిగి ఏడుస్తుంటే నీ సీరియల్ గోలేంది" అన్నాడంట. "ఊరు మునిగింది కనబడతానే ఉంది. ఆ పిల్ల ఏమైందో కనబట్లా." ఇక ఎవరూ పత్రిక తెచ్చివ్వకపోయేసరికి, వసారాలో రాట్నాలవాళ్ళు ఏమైంది ఏమైంది అని చంపుతుంటే, ఆవిడే కూర్చుని ఆ వారం రాసేసింది. రాసి చదివి వినిపించింది. తర్వాత సీరియల్ అయిపోయి బైండింగ్‌కి ఇచ్చినప్పుడు ఆ కాయితాలు కూడా వరసలో పెట్టి ఇచ్చింది. నేను ఇంటర్‌లో ఉండగా అడిగా, లైబ్రరీలో పాత సంచికలు ఉంటాయి గదా నాయనమ్మా, అసలుది చూడొచ్చుగా అని. "ఎందుకురా, నేను రాశా గదా" అంది.

ఆవిడ రాసిన దాంట్లో ఆ అమ్మాయి వెళ్ళదు. హాలు మధ్యలో చాప వేసుకుని కూర్చుంటుంది. "ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసింది నేను. మీకు నాతో ఇబ్బందిగా ఉంటే మీరే వెళ్ళండి. వెళ్ళేదేదో చీకటి పడకముందే వెళ్ళండి, లాంతరు ఒక్కటే ఉంది, అది నాకు చదువుకోడానికి కావాలి" అంటుంది. అతను వెళ్ళిపోతాడు. మరి వచ్చేవారం ఆసుపత్రి ఉంది గదా, అక్కడికి తీసుకెళ్ళాలి గదా, అందుకని చివర్లో ఇట్టా రాసింది: "అంత గట్టిగా మాట్లాడటం అలవాటు లేక ఆ రాత్రి ఆమెకు జ్వరము వచ్చినది. ఫరవాలేదు. మాట్లాడినందుకు వచ్చిన జ్వరము రెండు రోజులలో పోవును." ఆ గ్రాంథికం ఎందుకొచ్చిందో తెలీదు, ఆసుపత్రి అనగానే మర్యాద వచ్చినట్టుంది.

నేను ఆ పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు, నవ్వుకోవడమే గానీ ఒక్కసారి కూడా ఒక సంగతి తట్టలేదు. నాయనమ్మ 2011లో పోయింది, నిద్రలో, గుండెల మీద పత్రిక బోర్లించుకుని. మొన్నామధ్య, ప్రతి ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గాలించే ఒక ఫ్రెండ్‌కి సరిగ్గా ఆ వారం సంచిక దొరికింది, ఎప్పుడో మాటల్లో చెప్తే గుర్తుపెట్టుకున్నాడు, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాడు. అచ్చులో ఏముందంటే, ఆ అమ్మాయి ఏడుస్తూ జోరున వానలో బయటికి వెళ్ళిపోతుంది, గేటు దగ్గర పడిపోతుంది, కారు హెడ్‌లైట్ల వెలుగులో హీరో చూసి రెండు చేతుల్తో ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్తాడు. సరే, అప్పటి సీరియల్ అంటే అంతేగా. కానీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే అప్పుడు తట్టింది. ఆ కథలో ఇంట్లో కారుంది, ఫోనుంది, ప్రతి గదిలో లైట్లున్నాయి, పియానో కూడా ఉంది. మా నాయనమ్మ రాసిన ఒక్క వారమే లాంతరు ఉంది. ఆ బంగళాలో హీరోయిన్ ఇటుకలెందుకు మోస్తుంది?

అత్తయ్యకి ఫోన్ చేశా. డెబ్భై దాటాయి, చెవులు సరిగా వినబడవు, రెండుసార్లు చదివి వినిపించా ఆ నాలుగు లైన్లు. కాసేపు ఏం మాట్లాడలేదు, లైను కట్టయిందేమో అనుకున్నా.

"నాకు ఏడేళ్ళుంటాయిరా అప్పుడు. మన ఇంటికింకా కరెంటు లేదు. నాన్న చెప్పకుండా అమ్మ గాజులు తాకట్టు పెట్టాడు, వాళ్ళ చెల్లెలి పెళ్ళికి. అమ్మ అడిగితే కోపం పట్టలేక, ఇష్టం లేకపోతే పేరాల పో అన్నాడు. అన్నయ్యా నేనూ తలుపు వెనకాల ఉన్నాం. ఈ మాటలే. ఇటుకల మాట కూడా అన్నది."

మరి తాతయ్య వెళ్ళాడా?

"ఎక్కడికి పోతాడు, అరుగు మీదికి పొయ్యాడు. రాత్రంతా మంచులో అక్కడే పడుకున్నాడు. అంతా సరిగ్గానే రాసింది గానీ మీ నాయనమ్మ, ఒక్కటి మార్చింది. జ్వరం వచ్చింది అమ్మకి కాదు, నాన్నకి. మూడు రోజులు గంజి కాచి ఆ అరుగు మీదికే తెచ్చి తాగించింది. లాంతరు మాత్రం ఇవ్వలా."